బ్రౌజర్‌లో చేరిన యాడ్‌వేర్ తీసే ముందు జాగ్రత్తలు

క్రోమ్ తెరవగానే గూగుల్ బదులు ఏదో తెలియని సెర్చ్ పేజీ వస్తోందా? అది యాడ్‌వేర్ (మీకు తెలియకుండా చేరి ప్రకటనలు చూపే ప్రోగ్రాం) పని కావొచ్చు. తీసే పనికి ముందు ఇవి చూసుకోండి.

• ఆ కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ వద్దు. పాస్‌వర్డులు మార్చాలంటే ఫోన్‌లోంచి మార్చండి.

• "వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా వచ్చేది పచ్చి మోసం. ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపించే యాప్ పెట్టించి ఖాతా ఊడ్చేస్తారు. ఇప్పటికే డబ్బు పోయుంటే కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

• ప్రకటనలు తెర కుడి మూల నుంచే వస్తున్నాయా? అయితే ఏదో సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటారు. సెట్టింగ్స్‌లో అది తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

• క్రోమ్ సింక్ (మీ బ్రౌజర్‌లో ఉన్నవాటిని గూగుల్ ఖాతా ద్వారా మిగతా పరికరాలకూ చేర్చేది) ఆపండి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఇక్కడ తీసేసిన ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) గూగుల్ ఖాతాలోంచి మళ్లీ దిగొచ్చు, అదే ఖాతా ఉన్న పిల్లల ల్యాప్‌టాప్‌లోకీ పాకొచ్చు. అన్నిటిలోనూ ఆపాకే పని మొదలుపెట్టండి.

• యాడ్‌వేర్ తీసే క్లీనర్ కోసం ఆ బ్రౌజర్‌లో వెతకొద్దు, ఆ సెర్చే వాళ్ల చేతిలో ఉంది. మాల్‌వేర్‌బైట్స్ లాంటిదాన్ని వేరే కంప్యూటర్‌లో, కంపెనీ సొంత సైటు నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

• క్రోమ్ రీసెట్‌తో (సెట్టింగ్స్‌ను మొదటి స్థితికి తేవడంతో) బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు పోవు. అయినా బుక్‌మార్కులు ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.