తప్పు ఆటదా, టీవీదా? ఎక్స్‌పెడిషన్ 33 మీద ఫిర్యాదులు, కారణాలు, పరిష్కారాలు

ఫ్రాన్స్‌లోని మాంపెల్యే నగరానికి చెందిన శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ రూపొందించగా, 2025 ఏప్రిల్ 24న విడుదలైన 'క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' అనే వీడియో గేమ్ గురించి విశాఖలోని మా ఆటగాళ్ల బృందంలో వినిపించే అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగవు. మధురవాడలో ఉండే మిత్రుడు ఇలాంటి టర్న్ బేస్డ్ (వంతులవారీగా పోరాడే) ఆట తాను ఇంతవరకూ ఆడలేదంటారు. గాజువాకలో ఉండే మరొకరు మూడు గంటలు తిరక్కుండానే విసిగిపోయి తీసి పక్కన పెట్టారు. ఇద్దరూ ఆడింది ఒకే కష్టస్థాయిలో. ఇద్దరి ఇళ్లకూ వెళ్లి పక్కన కూర్చుని చూసిన తరువాత నాకు తెలిసిందేమిటంటే, గాజువాక మిత్రుడు చెప్పినది ఆట మీద అభిప్రాయం కానే కాదు, తన హాల్లో గోడకు బిగించిన టీవీ మీద ఫిర్యాదు. అందువల్ల ఇక్కడ ఒక్కొక్క ఫిర్యాదునూ లక్షణంగా తీసుకుని, అది పరికరం వల్ల వచ్చిందా, పాత్రలను సిద్ధం చేసుకున్న తీరు వల్ల వచ్చిందా, లేక నిజంగా అభిరుచి తేడాయేనా అన్నది విడదీసి చూస్తున్నాను. కథలోని మలుపులు ఎక్కడా బయటపెట్టలేదు.

లక్షణం: "సరిగ్గానే నొక్కుతున్నాను, అయినా దెబ్బ తగులుతోంది"

మా బృందంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. మన వంతు వచ్చినప్పుడు తీరిగ్గా ఆలోచించి నైపుణ్యాన్ని ఎంచుకోవచ్చు. శత్రువు వంతు వచ్చినప్పుడు మాత్రం ఆట ఒక్కసారిగా ప్రత్యక్ష సమయంలోకి మారి, వచ్చే ప్రతి దెబ్బనూ డాడ్జ్‌తో తప్పించుకోవడమో ప్యారీతో తిప్పికొట్టడమో మన చేతికే వదిలేస్తుంది. ప్యారీకి దొరికే వ్యవధి చాలా చిన్నది కాబట్టి, తెర మీద బొమ్మ కొంచెం ఆలస్యంగా కనబడినా మన వేలు ఎంత చురుకైనదైనా ప్రయోజనం ఉండదు.

మొదటి కారణం టీవీయే. బొమ్మను మెరుగుపరచడానికి టీవీలు చేసే ప్రాసెసింగ్ వల్ల కంట్రోలర్ నొక్కిన దానికీ తెర మీద కదలికకూ మధ్య ఎడం పెరుగుతుంది. సినిమా చూస్తున్నప్పుడు ఇది ఎవరికీ తెలియదు, ఇక్కడ మాత్రం ప్రాణం తీస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టి, కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్‌ను ఆపివేయాలి. తేడా నమ్మకం కుదరకపోతే అదే పోరును మామూలు కంప్యూటర్ మానిటర్ మీద ఒకసారి ఆడి చూడవచ్చు. గాజువాకలో మేము చేసింది అదే. అక్కడ వరుసగా తప్పిన ప్యారీలు మానిటర్ ముందు సగానికి పైగా ఫలించాయి.

రెండో కారణం చెవిలో ఉంటుంది. చాలా దాడులను కంటితో కన్నా శబ్దంతో పసిగట్టడం తేలిక, కానీ మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ధ్వని 150 నుంచి 200 మిల్లీసెకన్లు వెనకబడి రావడం మామూలే. రాత్రి ఇంట్లో వాళ్లకు నిద్రాభంగం కాకూడదని ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆడేవారు పగలు బాగా ఆడి రాత్రి ఓడిపోవడానికి కారణం నిద్రమత్తు ఒక్కటే కాదు. వైరు ఉన్న హెడ్‌సెట్ వాడితే ఇది పోతుంది.

ఈ రెండూ సరిచేసుకున్న తరువాత కూడా దెబ్బ తగులుతుంటే అప్పుడు లోపం చేతిది. ఇందులోని శత్రువులు కత్తి ఎత్తి, ఒక క్షణం ఆగి, ఆ తరువాత కొడతారు. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో మ్యాచ్ చూసినవారెవరికైనా ఇది తెలిసిన విద్యే: బౌలర్ పరుగెత్తి వచ్చిన వేగాన్ని నమ్మి ముందే బ్యాటు ఊపినవాడికి స్లోయర్ బంతి వికెట్ పడగొడుతుంది. చేయి ఎత్తడాన్ని చూసి నొక్కకూడదు, ఆయుధం మన వైపు కదలడం మొదలైన తరువాతే నొక్కాలి. కొత్త శత్రువు ఎదురైతే మొదట డాడ్జ్‌తోనే నెట్టుకురావాలి, ఎందుకంటే దాని వ్యవధి ప్యారీ కన్నా విశాలమైనది. డాడ్జ్ చేసినప్పుడు 'పర్ఫెక్ట్' అని పడిందంటే ఆ క్షణంలో ప్యారీ నొక్కి ఉన్నా ఫలించేదని అర్థం. అది వరుసగా పడుతున్నప్పుడు ప్యారీకి మారితే ప్రతి ప్యారీకీ ఒక ఏపీ కూడా చేరుతుంది. (ఏపీ అంటే ఇక్కడ నైపుణ్యాలకు ఖర్చుపెట్టే యాక్షన్ పాయింట్లు, "ముందు ఏపీని బాగు చేసుకో" అని నేను సలహా ఇస్తే ఒక మిత్రుడు రాజకీయ చర్చ అనుకున్నారు.) ఒక దాడిలోని దెబ్బలన్నిటినీ ప్యారీ చేయగలిగితే ఎదురుదాడి దానంతటదే జరుగుతుంది.

లక్షణం: "బొమ్మ తడబడుతోంది, సరిగ్గా పోరులోనే ఆగుతోంది"

ఈ ఆట అన్‌రియల్ ఇంజిన్ 5 మీద నిర్మించినది, దాదాపు 55 జీబీ స్థలం కావాలి, అది హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. పాత హార్డ్ డిస్క్ మీద పెట్టినవారి ఫిర్యాదుకు వేరే విచారణ అక్కరలేదు. విశాఖకు ప్రత్యేకమైన కారణాలు మరో రెండు ఉన్నాయి. సముద్రానికి దగ్గరగా, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి చోట్ల ఉండేవారి ల్యాప్‌టాప్ ఫ్యాన్లలో దుమ్ము ఉప్పుగాలి తేమకు పేరుకుని అట్టకడుతుంది. మే నెల ఉక్కలో అలాంటి యంత్రం వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్లను శుభ్రం చేయించి, వెనుక భాగాన్ని కాస్త ఎత్తుగా పెట్టి ఆడాలి. రెండోది కరెంటు పోయినప్పటి సంగతి: ఛార్జర్ తగిలించిన ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేకపోతే ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా బ్యాటరీకి మారుతుంది, గ్రాఫిక్స్ చిప్ శక్తి పడిపోతుంది, ఆటగాడు మాత్రం ఆటకు వచ్చిన అప్‌డేట్‌ను తిడతాడు. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కృత్రిమ ఫ్రేములు చేర్చే సదుపాయం) పెట్టి ఫ్రేముల అంకెలు పెంచుకోవడం దీనికి మందు కాదు. బొమ్మ నున్నగా కనబడుతుంది గానీ స్పందన ఇంకా మందగిస్తుంది. షాడోలు, రిజల్యూషన్ తగ్గించడమే మేలు.

లక్షణం: "మామూలు శత్రువు కూడా ఎంతకీ చావడం లేదు"

ఇక్కడ పరికరం నిర్దోషి. కారణం తొంభై పాళ్లు పిక్టోలను, అంటే పాత్రలు ధరించి ప్రత్యేక శక్తులు పొందే వస్తువులను, పట్టించుకోకపోవడమే. ఒక్కో పాత్ర మూడు పిక్టోలు ధరించగలదు. ఒక పిక్టోతో నాలుగు పోరులు గెలిస్తే అందులోని శక్తి లూమినాగా మారి, లూమినా పాయింట్లు చెల్లించి బృందంలో ఎవరైనా పెట్టుకోవడానికి వీలవుతుంది. నచ్చిన మూడు పిక్టోలను మొదటి నుంచి చివరి దాకా అంటిపెట్టుకున్నవారు ఈ సంపదనంతటినీ మూటలోనే ఉంచేసినట్టు. నాలుగు పోరులు పూర్తికాగానే కొత్తది పెట్టాలి, పాతదాన్ని లూమినాగా వాడుకోవాలి.

రెండో తప్పు పాయింట్ల పంపకంలో జరుగుతుంది. స్థాయి పెరిగినప్పుడల్లా వచ్చే మూడు పాయింట్లను చాలామంది అన్నిటికీ సమంగా పంచుతారు. ఆయుధం వివరాల్లో అది ఏ గుణంతో బలపడుతుందో అక్షరాలలో చూపిస్తారు. ఆయుధం ఏ గుణంతో బలపడుతుందో దాన్ని వదిలేసి పాయింట్లను మరోచోట పోస్తే ఆ అదనపు బలం దక్కదు. పొరపాటు జరిగిపోయినా చింత లేదు, రీకోట్ అనే వస్తువుతో మొత్తం తిరిగి పంచుకోవచ్చు. శిబిరంలో ఆయుధాలను మెరుగుపరచుకోవడం మరచిపోయేవారూ ఉన్నారు, వారికి ఈ వాక్యం చాలు.

లక్షణం: "దెబ్బ 9999 దగ్గర ఆగిపోతోంది"

ఇది లోపం కాదు, కావాలని పెట్టిన హద్దు. మూడో అంకంలోకి అడుగుపెట్టే నాటికి దొరికే పెయింటెడ్ పవర్ అనే పిక్టోతో అది తొలగిపోతుంది. అప్పటివరకూ ఒకే పెద్ద దెబ్బ కొట్టే నైపుణ్యాల కన్నా పలు దెబ్బలు కొట్టేవే లాభం, ఎందుకంటే హద్దు ఒక్కో దెబ్బకు విడిగా వర్తిస్తుంది.

లక్షణం: "ఇది అసలు టర్న్ బేస్డ్ ఆటే కాదు"

ఈ మాట అనేవారిలో పాతకాలపు ఆటలను ప్రేమించినవారే ఎక్కువ, వారి బాధ నాకు అర్థమవుతుంది. అయితే వంతుల మధ్య సమయం చూసి నొక్కించడం ఈ ఆట కనిపెట్టినది కాదు. 1996లో వచ్చిన సూపర్ మారియో ఆర్‌పీజీలోనే దాడికీ రక్షణకూ అది ఉంది. తేడా ఏమిటంటే అక్కడ అది అదనపు లాభం, ఇక్కడ పై స్థాయిల్లో అది దాదాపు తప్పనిసరి. కొంత ఊరట మాత్రం దొరుకుతుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మన దాడుల సమయంలో వచ్చే నొక్కుళ్లను ఆట తానే చేసుకునేలా పెట్టవచ్చు, కష్టస్థాయిని ఎక్స్‌పర్ట్ నుంచో ఎక్స్‌పెడిషనర్ నుంచో స్టోరీకి ఎప్పుడైనా దించుకోవచ్చు. రక్షణను మాత్రం ఎవరూ మన తరఫున చేయరు. గాజువాక మిత్రుడు గేమ్ మోడ్ పెట్టిన తరువాత ఆటను మళ్లీ మొదలుపెట్టి, రెండో అంకం దాకా చక్కగా ఆడి, శత్రువు వంతులో కూడా తాను పని చేయడం నచ్చలేదని చెప్పి ఆపేశారు. ఆ మాటను నేను అభిప్రాయంగా రాసుకున్నాను, పరిష్కారం గడిని ఖాళీగా వదిలేశాను.

లోపలి ప్రాంతాల్లో మినీమ్యాప్ లేదన్న ఫిర్యాదు కూడా ఇలాంటిదే. దారి తప్పడంలో సరదా ఉందని నేననుకుంటాను, ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు మాత్రమే ఆడగలిగే మిత్రులు అలా అనుకోరు.

లక్షణం: "చివరి పోరు తేలిపోయింది"

మధురవాడ మిత్రుడికి మిగిలిన ఒకే ఒక్క అసంతృప్తి ఇది. మూడో అంకం మొదలవగానే లోకమంతా తెరుచుకుంటుంది; కథను ముగించే ముందు ప్రతి మూలా వెదికేవారు అప్పటికే అవసరానికి మించి బలపడి, ముగింపుకు వెళ్లి నాలుగైదు వంతుల్లో పని పూర్తిచేసి నిరాశపడతారు. కథలోని బిగువు కావాలనుకునేవారు మూడో అంకం మొదట్లోనే నేరుగా చివరి పోరుకు వెళ్లి, మిగిలిన ప్రాంతాలను ఆ తరువాత తిరగాలి. ఇప్పటికే బలపడిపోయినవారు ఆ పోరు వరకు పెయింటెడ్ పవర్‌నూ, దెబ్బను పెంచే లూమినాలనూ తీసివేసి వెళ్లడం మంచిది.