పొగగొట్టం అతుకులను ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

చలి మొదలైతే పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో పెరటి పొయ్యికి తీరిక ఉండదు. తెల్లవారుతూనే స్నానాలకు నీళ్లు, ఆ వెంటనే రాగి సంగటికి ఎసరు. పొగగొట్టం అతుకులు వదులైన సంగతి బయటపడేదీ అప్పుడే. కళ్లు మండగానే ఏదో ఒక ముద్ద తెచ్చి పూసేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి.

పొగను బాగా లాగే గొట్టంలో అతుకు వదులుగా ఉన్నా పొగ బయటికి రాదు. వేడి పొగ పైకి పోతుంటే బయటి గాలే ఆ సందులోంచి లోపలికి పోతుంది. పొగ బయటికి వస్తోందంటే పైన ఏదో అడ్డుపడి ఉండవచ్చు. మా ఇంట్లో ఒక కార్తికంలో అతుకులన్నీ మూసేశాక పొగంతా పొయ్యి నోట్లోంచి తన్నుకొచ్చింది. నిచ్చెన వేసుకుని చూస్తే గొట్టం టోపీ కింద గోరింక గూడు!

అందుకే మొదట పొయ్యి మండుతుండగా వెలిగించిన అగరువత్తిని అతుకు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. దాని పొగ అతుకు వైపు వంగితే సందు ఉంది, లాగుడూ ఉంది. అవతలికి తోస్తే ముందు గొట్టం శుభ్రం చేయాలి.

పొయ్యి పూర్తిగా చల్లారాక, మరునాడు విప్పండి. విప్పే ముందు అతుకుకు అడ్డంగా సుద్దముక్కతో గీత గీస్తే మళ్లీ అదే చోట కూర్చోబెట్టవచ్చు. కింద గోనెపట్టా పరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మసి దులపండి. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి దిగుతోందా? ఆ ముక్కను మార్చాల్సిందే. పాత పొయ్యిలకు బూడిదరంగు ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు ఉంటాయి. వాటిని గీకవద్దు, కోయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

అతుకు కింద గొట్టం బయటివైపు తారు లాంటి నల్లటి చారలు ఉంటే గొట్టాలను తలకిందులుగా బిగించారేమో చూడండి. పై గొట్టం అంచు కింది గొట్టం లోపలికి దిగాలి. పచ్చి మామిడి కట్టెల పొగలోంచి దిగే జిడ్డు అప్పుడే లోపలినుంచి పొయ్యిలోకి జారుతుంది. తిరగేసి అమర్చితే ఎంత పూసినా కారుతుంది.

ఇక అంచులను గరుకు కాగితంతో రుద్ది తుడిచి, ఫర్నేస్ సిమెంటును (పొయ్యి వేడికి తట్టుకునే ముద్ద) పలచగా పూసి, ఒకదానిలో ఒకటి కనీసం అంగుళంన్నర దిగేలా నొక్కండి. చుట్టూ సమదూరంలో 3 స్క్రూలు బిగించండి. గొట్టం కదిలితే ఏ పూతా నిలవదు కాబట్టి స్క్రూలను వదిలేయవద్దు. ఎక్కువ వేడికి తట్టుకునే సిలికాన్ దొరికితే పొయ్యికి దూరంగా ఉన్న పై అతుకులకే వాడండి. ట్యూబు మీద రాసిన ఉష్ణోగ్రత చదవండి. నీళ్ల పైపులకు వాడే ఎపాక్సీ ముద్ద వేడికి మాడిపోతుంది, మామూలు సిమెంటు పగులుతుంది.

గొట్టం మట్టి పొయ్యిలోకి దిగే చోట మాత్రం మన పాత పద్ధతే మేలు: జల్లించిన పుట్టమన్ను, ఇసుక, వరి ఊక కలిపి ఒక రాత్రి నాననిచ్చి మెత్తండి. ఇసుక, ఊక లేకపోతే ఎండగానే నెర్రెలు విచ్చుతుంది.

ఒక రోజు ఆరనిచ్చి, మొదట చిన్న పుల్లలతో అరగంట సన్నమంట పెట్టండి. పూతలోని తడి ఒక్కసారిగా ఆవిరైతే పొక్కులు లేస్తాయి. ఆ సమయంలో కిటికీలు తెరిచే ఉంచండి. కట్టెల పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పొయ్యి దగ్గర ఉన్నవారికి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే వెంటనే అందరూ బయటికి వచ్చి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

మరునాడు మామూలు మంట పెట్టి మళ్లీ అగరువత్తి పట్టండి. దాని పొగ ఎటూ వంగకుండా నిటారుగా లేస్తే ఆ అతుకు మూసుకున్నట్టే.