నడుస్తున్న అక్వేరియం మీ చేతికి వచ్చినప్పుడు

వేరేవాళ్లు ఏళ్లుగా నడిపిన అక్వేరియం కొనుక్కున్నా, ఎవరైనా ఇల్లు మారుతూ ఇచ్చేసి వెళ్లినా చాలామంది ముందుగా చేసేది ఒకటే. ఇంటికి తెచ్చి, గ్రావెల్‌తో సహా అంతా కుళాయి కింద తళతళలాడేలా కడిగి, కొత్త నీళ్లు పోసి చేపల్ని వదులుతారు. మూడు నాలుగు రోజుల్లో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెడతాయి. పాత యజమాని దగ్గర ఏళ్లు బతికిన చేపలు వారం తిరక్కుండా పోవడానికి కారణం ఆ కడగడమే.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి, మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్‌ని కొంతవరకు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఉండేది చాలా తక్కువ. ఫిల్టర్ స్పాంజికి, సెరామిక్ రింగులకి, గ్రావెల్‌కి పల్చటి జిగురు పొరలా అంటుకుని ఉంటుంది. కొత్త ట్యాంకులో ఇది చాలినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న ట్యాంకు తీసుకోవడంలో ఉన్న అసలు లాభం ఆ నెలన్నర పని ముందే అయిపోయి ఉండటం. దాన్ని దారిలో చంపుకోకుండా ఇల్లు చేర్చాలి, మొదటి నెల పాత యజమాని నడిపినట్టే నడపాలి. మీ ఇష్టాలన్నీ ఆ తర్వాత.

తీసుకోకముందు

పాత యజమానిని అడిగి కాగితం మీద రాసుకోండి. నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎంత మారుస్తారు? అవి కుళాయి నీళ్లా, బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా? మేత ఏది, రోజుకి ఎన్నిసార్లు? లైటు ఎన్ని గంటలు? ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు, ఏ నీళ్లతో కడిగారు? మందులేమైనా వాడారా? మందుల సంగతి తప్పకుండా అడగాలి. రాగి కలిసిన మందు వాడి ఉంటే ఆ రాగి గ్రావెల్‌లోనూ రాళ్లలోనూ మిగిలిపోవచ్చు. చేపలు తట్టుకున్నంత రాగిని రొయ్యలూ నత్తలూ తట్టుకోలేవు.

అద్దాలు కలిసే మూలల్లో సిలికాన్ మీద వేలితో పైనుంచి కిందిదాకా నిమరండి. అంచు లేచి గోటికి తగిలితే, లేదా సిలికాన్‌కీ అద్దానికీ మధ్యలోకి పచ్చటి పాచి పాకి ఉంటే అక్కడ పట్టు వదులుతోందని అర్థం. అలాంటి ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ నింపినప్పుడు కారే అవకాశం ఎక్కువ. చేపల్ని, ఫిల్టర్‌ని తీసుకుని గాజు తొట్టి మాత్రం కొత్తది పెట్టుకోండి.

టెస్ట్ కిట్ వెంట తీసుకెళ్లండి. కాగితపు పట్టీలకన్నా చుక్కల మందుతో చేసే కిట్ నమ్మకమైనది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల వంతుల్లో 40) లోపు ఉంటే ట్యాంకు చక్కగా నడుస్తున్నట్టే. నైట్రేట్ 100 దాటి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల గుణం చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.5 కంటే కిందికి దిగి ఉంటే మాత్రం నీళ్లు మార్చి చాలా కాలమైందని గ్రహించాలి. చేతులు మారినప్పుడు ఎక్కువగా దెబ్బతినేవి ఇలాంటి ట్యాంకులే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

అమ్మోనియా నైట్రేట్‌గా మారే క్రమంలో ఆమ్లం పుడుతుంది. నీళ్లలోని కార్బనేట్లు ఆ ఆమ్లాన్ని మింగుతూ పీహెచ్ పడిపోకుండా కాపాడుతుంటాయి. కిట్‌లో కేహెచ్ అని కొలిచేది వాటినే. నీళ్లు మార్చకపోతే అవి అయిపోయి పీహెచ్ జారుతుంది. 6 దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోయి అమ్మోనియా పేరుకుంటుంది. అంత ఆమ్లంగా ఉన్న నీళ్లలో అది దాదాపు అంతా, అంతగా విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు నెట్టుకొస్తాయి. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషపు రూపంలో ఉండే వాటా సుమారు పది రెట్లవుతుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర నూటికి అర వంతు విషంగా ఉంటే, 8 దగ్గర ఐదు వంతులు పైనే ఉంటుంది. ఇలాంటి ట్యాంకులో సగం నీళ్లు తీసి 7.8 పీహెచ్ ఉన్న కుళాయి నీళ్లు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకని అలాంటి ట్యాంకుని వెంటనే కదిలించకండి. రెండు వారాల ముందు నుంచి రోజు విడిచి రోజు 10 శాతం నీళ్లు మార్చమని పాత యజమానిని అడగండి, లేదా మీరే వెళ్లి మార్చండి. నైట్రేట్ లేని నీళ్లు పోస్తే 160 పీపీఎం ఉన్నది ఏడు మార్పులకి 80 కిందికి వస్తుంది. చేపలకి తెలియనంత నెమ్మదిగా పీహెచ్ కూడా పైకి చేరుతుంది. అంత వ్యవధి లేకపోతే ఉన్న నీళ్లలో కనీసం 80 శాతం మోసుకెళ్లడం ఒక్కటే దారి.

తరలించే రోజు

చేపలకి 24 గంటల ముందు నుంచి మేత ఆపాలి. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు పాడవ్వవు. సబ్బు తగలని మూత బకెట్లు, ఇంకో ఎయిర్ పంపు (బ్యాటరీతో నడిచేదైతే మేలు), పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, సన్నటి గాలి ట్యూబు, పాత దుప్పటి సిద్ధం చేసుకోండి.

ముందు హీటర్ ఆపి 20 నిమిషాలు ఆగండి. వేడి మీద ఉన్న హీటర్ నీళ్లలోంచి బయటపడితే దాని గాజు పగులుతుంది. తర్వాత మొక్కలు తీసి తడి కాగితంలో చుట్టండి. రాళ్లు, కొయ్యలు తీయండి. నీళ్లని బకెట్లలోకి తోడండి, మామూలు ట్యాంకైతే సగం దాచుకుంటే చాలు. మూడో వంతు నీళ్లు మిగిలినప్పుడు చేపల్ని పట్టండి. నిండా నీళ్లున్నప్పుడు వలతో వెంబడిస్తే చేప అలసిపోవడమే తప్ప చేతికి రాదు. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. కోరీడోరస్ లాంటి ముళ్లున్న చేపలు కవర్ని పొడిచేస్తాయి, వాటిని బకెట్లో వేయండి. అన్నిటినీ దుప్పటి కప్పి చీకటిగా ఉంచితే శాంతిగా ఉంటాయి.

ఫిల్టర్‌ని చివర్లో ఆపండి. స్పాంజి, రింగులు తీసి వెడల్పాటి టబ్బులో ట్యాంకు నీళ్లలోనే ముంచి, వీలైతే ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టండి. క్యానిస్టర్ ఫిల్టర్‌ని (ట్యాంకు బయట ఉండే మూత డబ్బా లాంటిది) మూత బిగించి అలాగే మోసుకెళ్లడం పెద్ద పొరపాటు. లోపల మిగిలిన ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది. గంటల తర్వాత తెరిస్తే కుళ్లిన వాసన వస్తుంది, ఆ నీళ్లు ట్యాంకులోకి పోతే చేపలకి ప్రమాదం.

గ్రావెల్‌ని తప్పకుండా వేరు చేయాలి. లోపల ఉంచి ఎత్తితే అడుగు అద్దం అతుకుల మీద బరువు పడుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు ఉన్న ట్యాంకులో నీళ్లే 108 లీటర్లు, అంటే 108 కిలోలు. గాజు, గ్రావెల్ కలిపితే 150 కిలోల దాకా వెళుతుంది. పెట్టబోయే బల్ల ఆ బరువు మోయాలి, మట్టంగా ఉండాలి. గ్రావెల్‌ని ట్యాంకు నీళ్లలోనే రెండుసార్లు జాడించి మురికి వంపేయండి. లోతుగా పేరుకున్న ఇసుక అడుగున నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంటే ఆ పొరని పారేయండి.

కొత్త చోట ముందు గ్రావెల్, తర్వాత పాత నీళ్లు, వెంటనే ఫిల్టర్. చేపలు అప్పటిదాకా కవర్లోనో, ఎయిర్ స్టోన్ పెట్టిన బకెట్లోనో ఆగగలవు, ఫిల్టర్ ఆగలేదు. మిగతా ఖాళీని క్లోరిన్ తీసిన నీళ్లతో నింపండి. నీళ్లని ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) పోదు, దానికి డీక్లోరినేటర్ అనే మందు వాడాల్సిందే. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదిలితే, వైరు వెంట జారిన నీళ్లు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ప్రయాణం గంట రెండు గంటలదైతే కవర్లలోని చేపల్ని వాటి నీళ్లతో సహా బకెట్లోకి వంపి, అందులోకి గాలి ట్యూబుతో ట్యాంకు నీళ్లు చుక్కలుగా వదలండి. ట్యూబుకి ముడి వేసి సెకనుకి రెండు నుంచి నాలుగు చుక్కలు పడేలా బిగించి, బకెట్లో నీళ్లు రెట్టింపయ్యాక చేపల్ని వలతో ట్యాంకులోకి మార్చండి. చేపలు ఏడెనిమిది గంటలు కట్టిన కవర్లోనే ఉండిపోతే మాత్రం ఈ పద్ధతి వద్దు. కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది, అమ్మోనియా కూడా చేరి ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అలాంటప్పుడు విప్పకుండానే కవర్ని 15–20 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, విప్పిన వెంటనే చేపల్ని వదిలేయండి.

మొదటి నెల

ఆ రోజంతా లైటు వెయ్యొద్దు, మేత వెయ్యొద్దు. మర్నాటి నుంచి వారం పాటు మామూలులో సగం మేత చాలు. పది రోజులు రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఏదైనా 0.5 పీపీఎం చేరితే 25 శాతం నీళ్లు మార్చండి. నైట్రైట్ కనిపిస్తే లీటరుకి ఒక గ్రాము ఉప్పు కలపండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి పోనివ్వదు. నాజూకైన మొక్కలుంటే అందులో సగంతో మొదలుపెట్టండి.

ఫిల్టర్ ప్రవాహం తగ్గేదాకా స్పాంజిని ముట్టుకోకండి. తగ్గితే, తోడిన ట్యాంకు నీళ్ల బకెట్లో రెండు మూడుసార్లు మెల్లగా పిండండి. నీళ్లు డికాక్షన్ రంగులోకి తిరుగుతాయి. స్పాంజి ఇంకా గోధుమ రంగులోనే ఉంటుంది, వేళ్ల మధ్య కాస్త జిగురుగా తగులుతుంది. అక్కడితో ఆపేయండి. తెల్లబడేదాకా పిండితే మళ్లీ మొదటికొస్తుంది.

నెల దాటాక మార్పులు ఒక్కొక్కటిగా, రెండు వారాల ఎడంతో చేయండి. లైటు, మేత, ఫిల్టర్ ఒకేసారి మారిస్తే పాచి ఎందుకు పెరిగిందో, చేప ఎందుకు ముడుచుకుందో ఎవరూ చెప్పలేరు. కొత్త చేపల్ని ముందు విడి తొట్టిలో నాలుగు వారాలు ఉంచి చూడండి. కొత్త ఫిల్టర్ కొంటే పాతది ఆపకుండా రెండూ పక్కపక్కన ఆరు వారాలు నడవనివ్వండి. పాతదాన్ని తీసే రోజు దాని స్పాంజిలోంచి ఒక ముక్క కోసి కొత్త ఫిల్టర్‌లో పెట్టండి.