పొదుపు పరపతి సంఘం రిజిస్ట్రేషన్: విశాఖలో దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందంటే

ఆటోనగర్ షెడ్లలో, ఫిషింగ్ హార్బర్ దగ్గర, కంచరపాలెం ఆటో స్టాండులో నెలనెలా తలా కొంత వేసుకుని, అవసరం పడ్డవాళ్లకు వడ్డీకి ఇచ్చుకునే గుంపులు చాలానే ఉంటాయి. డబ్బు మాత్రం వాళ్లలో ఒకరి సొంత బ్యాంకు ఖాతాలో ఉంటుంది. ఆ మనిషికి ఏదైనా జరిగితే, బ్యాంకు దృష్టిలో ఆ డబ్బు అతని నామినీకి వెళ్లాల్సిందే. గుంపుది అని చెప్పడానికి ఒక్క కాగితం ఉండదు. ఈ సంగతి తెలిసొచ్చాక, గుంపును పొదుపు పరపతి సంఘంగా, అంటే పొదుపు, అప్పుల సంఘంగా రిజిస్టర్ చేయించుకునే మాట వస్తుంది. ఆ వెనకే ‘ఇంత ఇవ్వండి, వారంలో సర్టిఫికెట్ తెచ్చిపెడతాను’ అనే మనిషీ వస్తాడు.

వారంలో వచ్చే సర్టిఫికెట్ అంటేనే కాస్త ఆగి చూడాలి. చాలాసార్లు అది వేరే చట్టం కింద తెచ్చిన సర్టిఫికెట్.

‘సొసైటీ’ అనే మాటతోనే తిరకాసు

కాలనీ సంక్షేమ సంఘం, యువజన సంఘం, గుడి కమిటీ లాంటివి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదవుతాయి. ఏడుగురు చాలు. సేవ, సంస్కృతి, క్రీడల్లాంటి పనులకు పుట్టిన చట్టం అది. సభ్యుల దగ్గర పొదుపు కట్టించుకుని, అప్పులిచ్చి, వచ్చిన మిగులు సభ్యులకే పంచడం దాని కిందకు రాదు. ఆ నమోదు చూసే రిజిస్ట్రారు వేరు, ఆఫీసు వేరు.

మీకు కావాల్సింది సహకార చట్టం. మన రాష్ట్రంలో ఇందుకు రెండు దారులున్నాయి. ఒకటి 1964 నాటి సహకార సంఘాల చట్టం, రెండోది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. వాడుకలో దీన్ని మ్యాక్స్ చట్టం అంటారు. సొంతంగా పొదుపు చేసుకుని సొంతంగా నడుపుకునే చిన్న గుంపుకు రెండోదే నప్పుతుంది. ఇందులో ప్రభుత్వం వాటా ధనం పెట్టదు, కాబట్టి రోజువారీ పెత్తనమూ చేయదు. పల్లెల్లో మహిళల మండల సమాఖ్యలు నడిచేది ఈ చట్టం కిందే. దరఖాస్తు జిల్లా సహకార అధికారి కార్యాలయానికి వెళ్లాలి. చేతికొచ్చిన సర్టిఫికెట్ మీద ఏ చట్టం పేరుందో ముందు చదవండి. 2001 అని ఉంటే అది సంక్షేమ సంఘానికి పనికొస్తుంది గానీ పరపతి సంఘానికి పనికిరాదు.

డ్వాక్రా, మెప్మా గ్రూపులో ఉన్న ఆడవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. ఆ గ్రూపు పేరు మీదే బ్యాంకు ఖాతా తెరుస్తారు.

కాగితాలు

కాగితాలు మరీ ఎక్కువేం ఉండవు. దరఖాస్తు, నియమావళి (అందరూ బైలా అనే అంటారు) అసలు ప్రతి, దానికో నకలు, చేరేవాళ్ల జాబితా, బైలాను ఆమోదించిన సమావేశం మినిట్స్ (అక్కడ జరిగింది రాసుకున్న కాగితం) నకలు, రుసుము కట్టిన చలానా. జాబితాలో ఒక్కొక్కరి పేరు, చిరునామా, వృత్తి, సంఘంలో పెట్టబోయే డబ్బు ఎంతో రాయాలి. వీటికి తోడు ఆధార్ నకళ్లు, ఆఫీసు పెట్టే చోటికి ఇంటి పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు, యజమాని ఒప్పుకున్నట్టు ఒక ఉత్తరం దగ్గర ఉంచుకుంటే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.

కనీసం పది మంది కావాలి, పది మందీ పది కుటుంబాల వాళ్లయి ఉండాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకం పెట్టినా లెక్కకు ఒకటే. ఒకే రేషన్ కార్డులో ఉన్న అన్నదమ్ముల మీదా ఇదే ప్రశ్న రావచ్చు. సరిగ్గా పది మందితో వెళ్తే ఒక్క పేరు కొట్టేసినా దరఖాస్తు మొత్తం కూలిపోతుంది. పన్నెండు, పదమూడు మందితో వెళ్లండి. అదనపు సంతకాలకు ఖర్చేమీ లేదు.

పేర్ల దగ్గర మన ఇంటిపేర్లు తెచ్చే చిక్కు ఒకటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మినిట్స్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, జాబితాలో అసలు ఉండదు. ఒకే మనిషి ముగ్గురిలా కనిపిస్తాడు. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా మూడు చోట్లా అలాగే రాయండి.

కార్యక్షేత్రం, అంటే సంఘం పనిచేసే ప్రాంతం, దగ్గర విశాఖ వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా మూడుగా విడిపోయింది. అనకాపల్లి పట్నం జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ)లోనే ఉన్నా జిల్లా మాత్రం అనకాపల్లి. పరవాడ, సబ్బవరం కూడా అటే వెళ్లాయి. గాజువాక, పెదగంట్యాడ, పెందుర్తి, భీమిలి ఇటే ఉన్నాయి. ‘జీవీఎంసీ పరిధి’ అని కార్యక్షేత్రం రాస్తే తెలియకుండానే రెండు జిల్లాల్లో కాలు పెట్టినట్టే. ఏ మండలాలో, ఏ వార్డులో పేర్లతో రాయడం మేలు. పాత బైలా దేన్నో చూసి ఎక్కించినవాళ్లు పాడేరు, అరకులను కూడా తమ జిల్లాలో కలిపేసుకుంటారు. అవి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.

సంఘం పేరులో బ్యాంకు అనే మాట రాకూడదు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ఒప్పుకోదు. నిధి అనే మాట కంపెనీల చట్టం కింద నడిచే వేరే సంస్థలది, చిట్టీలకు 1982 చట్టం వేరుగా ఉంది. ఆ మాటలు పెట్టుకుంటే పేరు దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయి.

మినిట్స్: తేదీలే సాక్ష్యం

బైలా ఆమోదించిన సమావేశం నిజంగా జరిగిందని చూపే కాగితం ఇదొక్కటే. ఏజెంటు తయారుచేసిన ఫైళ్లలో ముందు దరఖాస్తు తేదీ, ఆ తర్వాత సమావేశం తేదీ ఉండడం మామూలే. అలాంటి ఫైలును వెనక్కి పంపడానికి అధికారికి వేరే కారణం అక్కర్లేదు. ముందు సమావేశం, అదే రోజు బైలా మీద సంతకాలు, ఆ తర్వాత చలానా, చివర దరఖాస్తు. ఈ వరస తప్పకూడదు.

సమావేశానికి వచ్చినవాళ్లలో సగానికి మించి మినిట్స్ మీద సంతకం పెట్టాలి. పాతిక మంది వచ్చారని రాసి పది సంతకాలే ఉంటే చెల్లదు. వచ్చినవాళ్ల సంఖ్య ఉన్నది ఉన్నట్టు రాయండి. పెద్ద సంఖ్య వేస్తే గొప్పేమీ రాదు. సంఘం పేరు, చిరునామా, బైలా ఆమోదం, దరఖాస్తు వ్యవహారం ఎవరు చూస్తారు, రుసుము ఎవరు కడతారు, ఈ ఐదింటికీ తీర్మానం ఉంటే చాలు. ఉపన్యాసాలు ఎక్కించక్కర్లేదు.

బైలా: అసలు పని ఇదే

ఏజెంటు అమ్మేది ముఖ్యంగా దీన్నే. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఏదో ఊరి పాడి సంఘం బైలాలో పేరు మార్చి ఇస్తాడు. ‘పాలు పోసే సభ్యులు’ అనే వాక్యం పరపతి సంఘం బైలాలో అలాగే మిగిలిపోతుంది. అది నవ్వుకునే తప్పే, దిద్దుకోవచ్చు. రిజిస్ట్రేషన్‌లో ఎవరూ పట్టుకోకుండా జారిపోయి, మూడేళ్ల తర్వాత సంఘాన్ని చీల్చే తప్పులు వేరే ఉన్నాయి.

మొదటిది ఓటు. ఒక మనిషికి ఒకటే ఓటు, వాటాలెన్ని ఉన్నా సరే. అయితే సభ్యుడు ఓటు నిలబెట్టుకోవాలంటే ఏడాదిలో సంఘాన్ని కనీసం ఎంత వాడుకోవాలో బైలాలోనే చెప్పమంటుంది ఈ చట్టం. పన్నెండు నెలల్లో కనీసం పది నెలల పొదుపు కట్టి ఉండాలి అనో, అప్పు వాయిదా మూడు నెలలకు మించి బాకీ ఉండకూడదు అనో మీరే నిర్ణయించుకోవాలి. ఇది ఖాళీగా వదిలేస్తే, రెండేళ్లుగా పైసా కట్టనివాళ్లు ఎన్నికల రోజున వరుసగా వచ్చి కూర్చుంటారు. మరీ గట్టిగా రాసినా చిక్కే. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కార్మికుడికి సంపాదన ఉండదు. ‘ప్రతి నెలా తప్పక’ అని రాసుకున్న సంఘం తన సభ్యుల ఓటు తనే పోగొడుతుంది. మీ వాళ్ల చేతిలో డబ్బాడే నెలలు ఏవో చూసి రాసుకోండి.

రెండోది లోటు. మిగులు ఎలా పంచాలో అందరూ ఉత్సాహంగా రాస్తారు. నష్టం వస్తే ఎవరు భరించాలో రాసేవాళ్లు తక్కువ. అప్పు తీసుకున్న ఒకరు నలభై వేలు ఎగ్గొట్టి ఊరు వదిలి వెళ్లారనుకోండి. జామీను పెట్టినవాళ్ల నుంచి సగం వచ్చింది, ఇంకో ఇరవై వేలు లోటు. దాన్ని అందరూ సమానంగా పంచుకోవాలా, వాడుకున్న మేరకా, ముందే పక్కన పెట్టిన లోటు భర్తీ నిధి నుంచి తీయాలా? ఇది బైలాలో ఉంటే వివాదం ఒక సర్వసభ్య సమావేశంలో తీరిపోతుంది. లేకపోతే పొదుపు వెనక్కి ఇచ్చేయమని జనం ఎగబడతారు. ఆ రోజుతో సంఘం ముగిసినట్టే. ప్రతి ఏడాది మిగులులో కొంత శాతం లోటు భర్తీ నిధికి వెళ్లాలని ఇప్పుడే రాయండి.

మూడోది వెళ్లిపోవడం, చనిపోవడం. వాటా ధనం ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారు, అప్పు బాకీ ఉంటే దానికి జమ కట్టుకుంటారా, నామినీకి ఏ కాగితం మీద ఇస్తారు? ఇక్కడ గడువు రాయకపోతే పాలకవర్గం ఇష్టం అన్నట్టు అవుతుంది.

బైలాను తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషు బైలా ఉంటేనే బరువు అనేది ఏజెంటు మాట. సభ్యులకు చదివి వినిపించలేని బైలా మీద వాళ్ల చేత సంతకం పెట్టించడం కంటే, నాలుగు పేజీలు తక్కువైనా అర్థమయ్యేది మంచిది.

రుసుము లెక్క

అధీకృత వాటా ధనంలో నూటికి ఒక రూపాయి, కనీసం రూ.100, గరిష్ఠంగా రూ.10,000. చట్టంలో ఉన్న లెక్క ఇదే. అధీకృతం అంటే ఇప్పుడు చేతిలో ఉన్నది కాదు, సంఘం ఎంతవరకు వాటాలు అమ్ముకోవచ్చో ఆ హద్దు. వాటా రూ.100 చొప్పున, మనిషికి పది వాటాలు, రెండు వందల మంది దాకా పెరుగుతారనుకుంటే రెండు లక్షలు. రుసుము రూ.2,000. గొప్పకు యాభై లక్షలు అని రాయిస్తే పది వేలు కట్టాలి. అలాగని మరీ తగ్గించి రాసినా, సభ్యులు పెరిగినప్పుడు బైలా సవరించి, ఆ సవరణను మళ్లీ నమోదు చేయించుకోవాలి. ఐదేళ్లలో ఎంతమంది అవుతారో అంచనా వేసి ఆ లెక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

డబ్బు చలానాలో ప్రభుత్వ ఖాతాకే వెళ్లాలి. చలానా నకలు చూపించలేని మనిషికి ఇచ్చినది రుసుము కాదు.

ఇచ్చాక

దరఖాస్తును నేరుగా అందజేయొచ్చు, రిజిస్టర్డ్ పోస్టులో పంపొచ్చు అని చట్టం అంటుంది. నేరుగా వెళ్లి, మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవడమే నయం. అరవై రోజుల గడువు ఆ తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ఆ లోపు రిజిస్టర్ చేయాలి, లేదా ఎందుకు చేయలేదో కారణాలతో రాతపూర్వకంగా చెప్పాలి. ‘ఫైలు కదలాలంటే ఖర్చవుతుంది’ అని ఎవరైనా అంటే, ముద్ర పడిన నకలు చూపించి, లోపం ఏమిటో కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగండి. లోపం రాసిస్తే భయపడక్కర్లేదు, ఎక్కువసార్లు అది తేదీయో పేరో అయి ఉంటుంది. బైలాలో మార్పు అడిగితే మాత్రం మళ్లీ సమావేశం పెట్టి, మార్చిన బైలాకు కొత్త తీర్మానం చేయాలి. తెల్ల సిరా పూసి పేజీ మార్చేస్తే మినిట్స్ ఒకటి చెబుతుంది, బైలా ఇంకోటి చెబుతుంది.

సర్టిఫికెట్‌తో పాటు ముద్ర పడిన బైలా ప్రతి కూడా తీసుకోండి. చాలామంది సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి, బైలా ప్రతిని అక్కడే మరిచిపోతారు. సంఘం పేరు మీద పాన్‌కు, బ్యాంకు ఖాతాకు రెండూ అడుగుతారు. ఖాతా తెరిచేటప్పుడు ఇద్దరి ఉమ్మడి సంతకాలు ఉండాలని తీర్మానం చేసుకోండి. గుంపు డబ్బు పాత ఖాతా నుంచి సంఘం ఖాతాకు చెక్కు మీదే మారాలి, చేతికి నగదు తీసుకుని మళ్లీ కట్టడం వద్దు.

రిజిస్టరయింది కదా, ఇక బయటివాళ్ల డిపాజిట్లు కూడా తీసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నామమాత్రపు సభ్యత్వం ఇచ్చి తీసుకుంటే సరిపోతుందని కూడా చెబుతారు. రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో సరిగ్గా దీని గురించే ప్రజలను హెచ్చరించింది. ఇలాంటి సంఘాల్లో డిపాజిట్లకు ఐదు లక్షల బీమా ఉండదు, ఆ బీమా బ్యాంకు డిపాజిట్లకే. ఈ మాట మీ సభ్యులకు కూడా తెలియాలి. పాస్‌బుక్ మొదటి పేజీలోనే తెలుగులో అచ్చు వేయించండి.