పెరట్లో చిప్ షాట్ సాధన: జెండా తీసేసి తువ్వాలు పరచండి

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి పెరడు 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉంటుంది. మూడు వైపులా ఆరడుగుల చెక్క కంచె. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం పీజీఏ ప్రధాన కార్యాలయమే 2022లో ఈ ఊరికి తరలివచ్చింది గనుక ఇక్కడ గోల్ఫ్ మైదానాలకు, అంటే కోర్సులకు, కొదవ లేదు, కొదవల్లా తీరికకే. వారానికి ఒక్కసారైనా కోర్సు ముఖం చూడలేని నాలాంటివారు, గ్రీన్ (గుంత చుట్టూ గడ్డిని నున్నగా కోసిన చోటు) అంచు నుంచి కొట్టే చిన్న షాట్‌ను, అంటే చిప్‌ను, రోజుకు పావుగంట చొప్పున ఇంటి వెనకే చక్కదిద్దుకోవచ్చు. అయితే పెరడు ఏది నేర్పగలదో, ఏది నేర్పలేదో ముందుగా తెలిసి ఉండాలి.

గ్రీన్ మీది గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. మన లాన్‌లో గడ్డి సాధారణంగా అంగుళం పైనే ఉంటుంది కాబట్టి బంతి పడ్డచోటే దాదాపు చతికిలపడుతుంది. ఇలాంటి చోట గుంతకు గుర్తుగా జెండా పాతి, బంతి దాని దగ్గరే ఆగాలని పట్టుబడితే, కావలసినదానికన్నా గట్టిగా కొట్టడం చేతికి అలవాటైపోతుంది. అందుకే జెండా తీసేసి తువ్వాలు పరచమంటాను. బంతి ఎక్కడ పడాలన్నదే ఇంట్లో సాధన చేయవలసిన సంగతి; ఎంత దూరం దొర్లుతుందన్నది లెక్క తేల్చుతుంది.

ఆ లెక్క తేలికైనదే. 12లోంచి చేతిలో ఉన్న ఐరన్ (లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్) సంఖ్యను తీసివేస్తే, బంతి గాలిలో ఒక వంతు వెళ్లినప్పుడు నేల మీద ఎన్ని వంతులు దొర్లుతుందో వస్తుంది. 8 ఐరన్‌కు నాలుగు వంతులు, బంతిని ఎత్తుగా లేపే, 10గా లెక్కించే పిచింగ్ వెడ్జ్ అనే క్లబ్‌కు రెండు వంతులు. అంటే కోర్సులో జెండా 15 అంగల దూరంలో ఉంటే బంతిని 8 ఐరన్‌తో 3 అంగల దగ్గర, పిచింగ్ వెడ్జ్‌తో 5 అంగల దగ్గర పడేయాలి. గ్రీన్ చదునుగా ఉన్నప్పుడు ఇది బాగానే కుదురుతుంది, ఎత్తుపల్లాలుంటే సవరించుకోవాలి. కాబట్టి పెరట్లో 3, 5, 7 అంగల దూరాల్లో మూడు తువ్వాళ్లు పరిస్తే చాలు.

నిలబడే తీరులో పెద్ద రహస్యమేమీ లేదు. పాదాలు దగ్గరగా, కుడిచేతి ఆటగాళ్లకు బరువు ఎక్కువగా ఎడమ కాలి మీద, బంతి రెండు పాదాల నడిమికి కాస్త కుడిగా ఉండాలి. మణికట్లను ఆడించకుండా భుజాలతోనే క్లబ్‌ను ఊపాలి.

అసలు తప్పు కంటికి కనిపించనిచోట జరుగుతుంది. క్లబ్ బంతికన్నా ముందే నేలను తాకితే బంతి రెండడుగులు కూడా కదలదు. దీన్ని పట్టుకోవడానికి మన ముగ్గును మించిన సాధనం నాకు దొరకలేదు. గడ్డి మీద, కొట్టే దిశకు అడ్డంగా, మూరెడు పొడవు గీత ముగ్గుతో గీసి, బంతి ఉండవలసిన చోట ఆ గీత వచ్చేలా నిలబడి, ముందు బంతి లేకుండా పదిసార్లు ఊపి చూడండి. గీత మీద గానీ, దాటాక గానీ గడ్డి రాసుకుంటే సరైనట్టే. గీతకు వెనుక గడ్డి నలిగితే మీ బరువు కుడికాలి మీదే ఉండిపోయిందన్నమాట. బియ్యప్పిండి మాత్రం వద్దు, సుద్దపొడి వాడండి. టెక్సస్ ఫైర్ యాంట్లు మన ఊరి చీమల్లా మర్యాదగా తిని పోయే రకం కావు.

కృత్రిమ గడ్డి మ్యాట్ మీద సాధన చేసేవారికి ఈ తప్పు తెలియదు. క్లబ్ వెనుక తగిలినా నున్నగా జారి బంతిని చేరుతుంది, షాట్ బాగానే వచ్చిందని మనం మురిసిపోతాం. అందువల్ల వీలైనంత వరకు గడ్డి మీదే కొట్టాలి. ఇక్కడ బెర్ముడా అని పిలిచేది మన వినాయకుడికి పెట్టే గరికే. ఎంత గీరుకుపోయినా వేసవిలో మళ్లీ అల్లుకుంటుంది. చలికాలంలో అది ఎండి నిద్రలోకి జారుతుంది కాబట్టి ఆ నెలల్లో మాత్రం దళసరి మ్యాట్‌ను ఆశ్రయించక తప్పదు. ఈ ప్రాంతానిది నల్లరేగడి నేల, ఆగస్టుకల్లా బీటలు వారి రాయిలా మారుతుంది. అప్పుడు అడుగు గుండ్రంగా ఉండే శాండ్ వెడ్జ్ అనే క్లబ్ నేలకు తగిలి పైకెగిరి బంతిని కింది నుంచి కాక నడిమధ్యన కొడుతుంది. 9 ఐరన్ గానీ పిచింగ్ వెడ్జ్ గానీ నయం.

అలా నడిమధ్యన దెబ్బ తిన్న బంతి ఎంత పని చేస్తుందో నాకు అనుభవమే. అసలు బంతి బరువు 46 గ్రాములకు లోపే, కానీ ఇంటివైపు తిరిగి కొట్టిన ఒకే ఒక్క షాట్‌కు మా వంటింటి కిటికీ అద్దం నిలువునా చిట్లింది. అప్పటి నుంచి ఇంటికి వీపు పెట్టి, కంచె ముందు వల కట్టి, ఫోమ్ బంతులతోనే సాధన చేస్తున్నాను. ఫోమ్ బంతి గాలిలో త్వరగా నెమ్మదిస్తుంది కాబట్టి దాని దూరాన్ని నమ్మకూడదు. నెలకొకసారైనా కోర్సులోని చిప్పింగ్ గ్రీన్ మీద అసలు బంతితో సరిచూసుకోవాలి.

పావుగంటలో మొదటి ఐదు నిమిషాలు ముగ్గు గీతకు కేటాయించి, తరువాత పది బంతులను మూడు తువ్వాళ్లకు మార్చి మార్చి కొట్టాలి. ఒకే తువ్వాలుకు వరుసగా రెండుసార్లు కొట్టకూడదు, ఎందుకంటే ఆటలో అదే షాట్‌ను మళ్లీ కొట్టే అవకాశం ఎవరూ ఇవ్వరు. పదిలో ఎన్ని తువ్వాలు మీద పడ్డాయో క్యాలెండరులో రాసుకోండి. నేను మొదలుపెట్టినప్పుడు ఆ అంకె 2, ఇప్పుడు మంచిరోజున 6 వస్తుంది. 7 అంగల తువ్వాలు మాత్రం ఇంకా ఏడిపిస్తూనే ఉంది.