కుక్క కళ్ల సంరక్షణ – 3వ పాఠం: పగ్ కన్ను రోజూ చూసే పద్ధతి

పోయిన పాఠంలో మామూలు పుసికీ చీముకీ తేడా నేర్చుకున్నాం. ఈసారి పగ్ సంగతి, మనవాళ్లు హచ్ కుక్క అనేది. షిట్జూ ఉన్నవాళ్లకూ ఇదే పాఠం.

పగ్ కంటిగుంతకు లోతు తక్కువ, అందుకే గుడ్డు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. చాలా పగ్‌లకు నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూతపడవు. గుడ్డు మధ్యభాగం ఆరిపోతుంది. పైగా ముక్కు మీది ముడత వెంట్రుకలు దానికి రాసుకుంటుంటాయి. ఆ స్థితిలో గోరు తగిలినా చాలు, పుండు పడుతుంది.

కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఒక చెయ్యి గడ్డం కింద, రెండో చేతి బొటనవేలితో పైరెప్ప ఎత్తండి. గుడ్డును నొక్కొద్దు. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేయండి. ఆరోగ్యంగా ఉన్న కంటిలో ఆ వెలుగు చుక్క అద్దంలో పడ్డట్టు నున్నగా కనిపిస్తుంది. చుక్క చెదిరినా, అక్కడ నీలంగా మబ్బు పట్టినా, కుక్క కన్ను చికిలించినా అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నేను వెళ్లలేదు. ఆదివారం మా పగ్ ఎడమ కన్ను సగం మూసుకుని తిరుగుతుంటే, నాన్నగారికి శుక్లం ఆపరేషన్ తర్వాత ఇచ్చిన చుక్కలు ఫ్రిజ్‌లో ఉంటే వేశాను. సోమవారానికి కన్ను పాలిపోయి మసకేసింది. డాక్టరు ఫ్లోరెసిన్ అనే రంగు వేసి నీలి లైటు పెట్టగానే, నల్లగుడ్డు మీద ఆవగింజంత చోట ఆకుపచ్చగా మెరిసింది. అదే పుండు. నేను వేసిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. అది పుండును మాననివ్వదు, ముదిరితే గుడ్డుకు చిల్లు పడొచ్చు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పేర్లు కనిపిస్తే డాక్టరు చెప్పకుండా వేయకండి. దయచేసి ఇదొక్కటి గుర్తుంచుకోండి.

జిగురుగా తీగలు సాగే పుసి రోజూ వస్తుంటే కన్నీళ్లు తగ్గాయేమో చూడాలి. డాక్టరు కాగితం పట్టీ ఒక నిమిషం రెప్పలో పెట్టి కొలుస్తారు: 15 మిల్లీమీటర్లు దాటి తడిస్తే మంచిది, 10 లోపైతే చికిత్స కావాలి.

ముడతను, కళ్లను కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో తుడవండి, ఒక్కో కంటికి వేరే దూది. ముడతలో తడి మిగలనివ్వొద్దు. మెడపట్టీ బదులు హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ కట్టే పట్టీ, వేయండి. మెడ దగ్గర గట్టిగా లాగితే ఈ జాతికి గుడ్డు బయటికొచ్చే ప్రమాదం ఉంది.

ఈ వారం రోజూ ఒకే వేళకు రెండు కళ్లూ ఫోటో తీసి దాచండి. వచ్చే పాఠంలో వయసు మసకకూ శుక్లానికీ తేడా చూడటానికి అవి కావాలి.