జఖౌ బోటెక్కే ముందు

అంతర్వేది నుంచి గుజరాత్ కచ్ జిల్లాలోని జఖౌ రేవుకు బోటు పనికెళ్ళే తమ్ముళ్ళూ, అక్కడ పాకిస్తాన్ సరిహద్దు దగ్గరే. సర్ క్రీక్ అనే సముద్రపు పాయ వద్ద సరిహద్దు గీత ఎక్కడన్నది రెండు దేశాలూ ఇంకా తేల్చుకోలేదు. అందుకే చేప వెంట ఎటుపడితే అటు పోవడం కుదరదు.

• జీపీఎస్ మీరే ఆన్ చేసి చూడండి. తండేలు (బోటు నడిపే పెద్ద) చూసుకుంటాడులే అనుకోవద్దు.

• ఇంజన్ ఆగితే పోటు బోటును ఎటైనా లాక్కుపోతుంది. అందుకే లంగరు తాడును మూరమూరకూ చేత్తో తడమండి. పీచు లేచిన చోట వేలికి గరుకుగా తగులుతుంది. అలాంటి తాడుతో బయల్దేరొద్దు.

• ఆధార్, మత్స్యకార కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. జిరాక్సులు, బోటు నంబరు, యజమాని ఫోన్ నంబరు ఇంట్లో ఇవ్వండి. పొరపాటున గీత దాటి పట్టుబడితే మీవాళ్ళకు అవే ఆధారం. ఇది మాత్రం మరవొద్దు, దయచేసి.

• లైఫ్ జాకెట్ వేసుకోండి. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబరు 1554.